బీసీజీ వేయించిన పాపకు 12 మిల్లీమీటర్ల మాంటూ: ఒకే ఇంట్లో నాలుగు రకాల ఫలితాలు

(కుటుంబం అనుమతితో రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చాను.)

పాప వయసు ఆరేళ్లు, చదువుతున్నది ఒకటో తరగతి. మదనపల్లె చుట్టుపక్కల ఒక మండలం నుంచి వాళ్లమ్మ, అవ్వ కలిసి తీసుకొచ్చారు. నాన్న కువైట్‌లో డ్రైవరు. పన్నెండు రోజులుగా పాపకు దగ్గు. మొదట్లో మూడు రోజులు జ్వరం, జలుబు ఉన్నాయి. అవి తగ్గాయి, దగ్గు మాత్రం మిగిలింది. ఊళ్లో చూపించినచోట రక్తపరీక్షలతో పాటు మాంటూ (టీబీ క్రిమి సోకిందేమో చూసే చర్మపరీక్ష) కూడా రాశారు. సోమవారం ఉదయం పదకొండుకు ల్యాబులో సూది వేసి, మంగళవారమే చెయ్యి చూసి, ‘పాజిటివ్, 22 మి.మీ.’ అని రిపోర్టు చేతిలో పెట్టారు. ఆ కాగితం చూసి ఆరు నెలల టీబీ కోర్సు మొదలుపెట్టేద్దామన్నారు. ఆ రాత్రే బంధువుల్లో నర్సుగా పనిచేసే ఒకామె ఫోన్లో, టీబీ టీకా బీసీజీ వేసిన పిల్లలందరికీ అట్లాగే పొంగుతుంది, పట్టించుకోవద్దు అని చెప్పింది.

‘‘మందులు మొదలుపెట్టాల్నా, ఊరికే వదిలేయాల్నా, అదొక్కటి చెప్పండి సార్’’ అంది తల్లి. గురువారం ఉదయం నా ఎదుట కూర్చున్నప్పుడు ఆమెకు కావాల్సింది అంతే.

ఆమె విన్న రెండు మాటలూ తప్పే. మాంటూ పాజిటివ్ కాగానే టీబీ జబ్బు అని కోర్సు మొదలుపెట్టడం ఒక తప్పు. ‘బీసీజీ వల్లే’ అని కాగితాన్ని పక్కన పడేయడం రెండో తప్పు. నా ఓపీలో ఈ రెండూ తరచూ కనిపిస్తాయి, రెండోది ఈమధ్య పెరుగుతోంది. బీసీజీ వేశారా లేదా అన్నది మన దేశంలో పెద్ద ప్రశ్న కాదు, దాదాపు ప్రతి బిడ్డకూ పుట్టగానే వేస్తాం. ఏ వయసులో వేశారు, అది జరిగి ఎన్నాళ్లయింది, ఈ బిడ్డ ఎవరి పక్కన పడుకుంటోంది అన్నవే అసలు ప్రశ్నలు. ఆ ఇంట్లో నలుగురిని పరీక్షించాక ఈ మాట నాకు ఎంత నిజమో మళ్లీ తెలిసొచ్చింది. అందుకే మొత్తం కేసును వివరంగా రాస్తున్నాను.

చెయ్యి చూడటం

మాంటూ చదవాల్సింది సూది వేసిన 48 నుంచి 72 గంటల మధ్య. వీళ్లు వచ్చింది సరిగ్గా ఆ గడువు ముగిసేలోపే. కాబట్టి కాగితాన్ని పక్కన పెట్టి చెయ్యి చూశాను. ఎడమ ముంజేతి లోపలివైపు రూపాయి బిళ్ల కంటే కాస్త చిన్నగా ఎర్రటి మచ్చ. స్కేలు పెడితే 21 మి.మీ. ల్యాబు కొలిచింది ఈ ఎరుపునే. కొలవాల్సింది ఎరుపును కాదు, దాని కింద చర్మం గట్టిపడిన భాగాన్ని. ఎర్రదనానికి లెక్కలో చోటు లేదు.

గట్టిదనం అంచు వేలికి ఒక్కోసారి సరిగా అందదు. నేను బాల్‌పాయింట్ పెన్ను వాడతాను. మచ్చకు రెండు సెంటీమీటర్ల దూరం నుంచి పెన్నును ఏటవాలుగా పట్టుకుని, మెల్లగా మధ్యకు గీసుకుంటూ వస్తే, గట్టిపడిన అంచు దగ్గర పెన్ను ఆగుతుంది. అక్కడితో గీత ఆపేయాలి. రెండో వైపు నుంచీ అంతే. చేతికి అడ్డంగా ఆ రెండు గీతల మధ్య దూరమే ఫలితం. పాప చక్కిలిగింతలకు చెయ్యి లాగేసుకోవడంతో మళ్లీ గీయాల్సి వచ్చింది. రెండుసార్లూ 12 మి.మీ. వచ్చింది.

22 కాస్తా 12 అయింది. అయినా మన దగ్గర మామూలుగా పెట్టుకునే గీటురాయి 10 మి.మీ., హెచ్ఐవీ ఉన్నవాళ్లలోనూ రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలోనూ 5 మి.మీ. కాబట్టి పాప ఇంకా పాజిటివ్ వైపే ఉంది.

ఇంకొక విషయం తేలాలి. రిపోర్టులో మందు బలం రాయలేదు. ల్యాబుకు ఫోన్ చేస్తే 10 టీయూ (ట్యూబర్కులిన్ యూనిట్లు) వాడామన్నారు. మన పిల్లల వైద్యులు సిఫారసు చేసేది ఆర్‌టీ-23 రకం ట్యూబర్కులిన్, 2 టీయూ. మార్కెట్‌లో 5, 10 టీయూ సీసాలు కూడా దొరుకుతాయి, ఏది ఉంటే అది వాడేస్తారు. బలం పెంచితే పొంగు పెరుగుతుంది. బీసీజీ వల్ల, నేలలో నీళ్లలో ఉండే ఇతర మైకోబ్యాక్టీరియాల వల్ల 6 లేదా 7 మి.మీ. దగ్గర ఆగిపోవాల్సిన బలహీనమైన స్పందనలు కూడా 10 దాటేస్తాయి. అందుకే ఈ 12ను నేను పూర్తిగా నమ్మలేదు, అలాగని కొట్టేయనూ లేదు. మాంటూ రిపోర్టు మీద మందు పేరు, టీయూ, వేసిన సమయం, చదివిన సమయం, గట్టిదనం ఎంత అన్నవి ఉండాలి. ఈ అయిదూ లేని రిపోర్టు తెచ్చుకున్నవాళ్లు వెనక్కి వెళ్లి అడిగి రాయించుకోవాలి.

బీసీజీ ఎందుకు అడ్డొస్తుంది

మాంటూలో చర్మం పొరలోకి ఎక్కించేది పీపీడీ. టీబీ క్రిమిని పెంచిన ద్రవం నుంచి శుద్ధిచేసిన ప్రొటీన్ల మిశ్రమం అది, అందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. వాటిలో చాలావరకు టీబీ క్రిమికే ప్రత్యేకం కావు. బీసీజీ టీకాలో ఉన్న క్రిమికీ, మరికొన్ని మైకోబ్యాక్టీరియాలకూ ఉమ్మడివి. ఇంతకుముందు ఆ క్రిముల కుటుంబంలో దేనితో పరిచయమైనా సరే, మన ఒంట్లోని టీ-కణాలు (రోగనిరోధక కణాలు) ఆ ప్రొటీన్లను గుర్తుపట్టి రెండు మూడు రోజుల్లో అక్కడికి చేరతాయి. చర్మం గట్టిపడుతుంది. ఇంటిపేరు పెట్టి పిలిస్తే ఆ ఇంటివాళ్లందరూ పలికినట్టు ఉంటుందిది.

బీసీజీ కూడా ఆ ఇంటిదే. ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో కాల్మెట్, గెరాన్ 1908లో పశువుల టీబీ క్రిమిని తీసుకుని, పిత్తం కలిపిన బంగాళాదుంప ముక్కల మీద పదమూడేళ్లపాటు 230 సార్లు మార్చి మార్చి పెంచారు. 1921లో తొలిసారి ఒక శిశువుకు ఇచ్చారు. అంత కాలం పెరగడంలో ఆ క్రిమి తన జన్యువుల్లో కొంత ముక్కను పోగొట్టుకుంది. ఆర్‌డీ-1 అని పిలిచే ఆ ముక్కలోనే ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే రెండు ప్రొటీన్ల సమాచారం ఉంటుంది. టీబీ క్రిమిలో అవి ఉన్నాయి, ప్రపంచంలో వాడుతున్న ఏ బీసీజీలోనూ లేవు. ఇగ్రా రక్తపరీక్ష, సై-టీబీ చర్మపరీక్ష రెండూ ఈ తేడా మీదే నిలబడ్డాయి.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మన దేశంలో బీసీజీ మొదలైంది మదనపల్లెలోనే, 1948 ఆగస్టులో. ఆరోగ్యవరం టీబీ శానటోరియం ఇక్కడే ఉంది. ఆ రోజుల్లో ముందు ట్యూబర్కులిన్ పరీక్ష చేసి, పొంగనివాళ్లకే టీకా వేసేవారు. టీకా తరవాత మళ్లీ పరీక్షచేసి, పొంగు వస్తే టీకా ‘పట్టింది’ అని లెక్క కట్టేవారు. ఇప్పుడు మనల్ని ఇబ్బంది పెడుతున్న పొంగే అప్పట్లో టీకా పనిచేసిందనడానికి గుర్తు. తరవాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే, టీకా వల్ల వచ్చే ఆ పొంగుకూ, టీబీ నుంచి దొరికే రక్షణకూ సంబంధం లేదు. భుజం మీద మచ్చకూ అంతే. మచ్చ లేదని భయపడి మళ్లీ బీసీజీ వేయించమని అడిగే తల్లిదండ్రులకు నేను ఈ సంగతి చెప్పి పంపిస్తాను. అవసరం లేకుండా రెండోసారి వేయిస్తే వచ్చేది మాంటూ గందరగోళమే.

ఈ అడ్డు ఎంత పెద్దది? 2006లో వచ్చిన ఒక సమీక్ష దీన్ని లెక్కగట్టింది. 24 అధ్యయనాల్లో, పసితనంలోనే బీసీజీ వేయించుకున్న 2,40,243 మందిని చూస్తే, 10 మి.మీ. దాటడానికి బీసీజీయే కారణమని చెప్పగలిగింది 8.5 శాతంలో. పరీక్షకూ టీకాకూ మధ్య పదేళ్లు దాటితే అది 1 శాతానికి పడిపోయింది. ఏడాది నిండాక బీసీజీ వేయించుకున్నవాళ్లలో మాత్రం 41.8 శాతం, పదేళ్ల తరవాత కూడా 21.2 శాతం. తేడా చూడండి. పుట్టగానే వేసిన టీకా జాడ పరీక్షలో త్వరగా చెరిగిపోతుంది. పెద్దయ్యాక వేసింది ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఈ రెండో సంగతి ఇదే ఇంట్లో అవ్వ విషయంలో అక్కరకొచ్చింది.

చెప్పని మాట

పాప మాతా శిశు కార్డులో బీసీజీ పుట్టిన రెండో రోజున పడింది. ఎడమ భుజం మీద చిన్న మచ్చ ఉంది. బరువు 17 కిలోలు, ఏడాదిగా సక్రమంగా పెరుగుతోంది. మెడలో, చంకల్లో గడ్డలు లేవు. ఊపిరితిత్తుల్లో వినాల్సిన చప్పుళ్లే వినిపించాయి.

‘ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా’ అని అడిగితే మన ఊళ్లలో వచ్చే జవాబు ‘లేదు’. ఇక్కడా అదే వచ్చింది. అందుకే నేను మరోలా కూడా అడుగుతాను. ఇంట్లో ఎవరైనా రోజూ మాత్రలు వాడుతున్నారా, ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు ఉండిందా, ఎవరి ఖాతాలోనైనా టీబీ రోగులకు ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ డబ్బులు పడుతున్నాయా. మూడో ప్రశ్నకు తల్లి తలొంచుకుంది. ఎక్స్‌రే కోసం ఆమె బయటికి వెళ్లాక అవ్వే నోరు విప్పింది.

‘‘మా చిన్నోడు మాత్రలు మింగుతుండాడు నాయనా. సంబంధాలు చూస్తా ఉండాం. బయటికి తెలిస్తే పిల్లనెవరిస్తారని కోడల్ని కూడా చెప్పొద్దంటిని.’’

పాప చిన్నాయన. వయసు ఇరవై ఆరు. బెంగళూరులో పనిచేస్తూ ఆరోగ్యం బాగాలేక ఇంటికొచ్చి, మూడు నెలలు దగ్గుతూ హాల్లో పడుకున్నాడు. అదే హాల్లో అవ్వ, పాప, పాప తమ్ముడు. పాపకు కథలు చెప్పి పడుకోబెట్టేదీ ఆయనే. పీహెచ్‌సీలో ట్రూనాట్ (క్రిమి జన్యువులను వెతికే పరీక్ష)లో కఫం పాజిటివ్ వచ్చి, పదకొండు వారాల కిందట చికిత్స మొదలైంది. మంచి సంగతి ఏమిటంటే మందులు ఒక్క రోజూ మానలేదు. మందులకు క్రిమి లొంగుతుందో లేదో చూసే ఎల్‌పీఏ పరీక్షలో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ క్రిమి లొంగుతుందని తేలింది. ఇంట్లోవాళ్లకు ముందుజాగ్రత్త మందులు ఎంచుకునేటప్పుడు ఈ కాగితం కచ్చితంగా అడిగి చూడాలి.

అవ్వను నేనేమీ అనలేదు. ఆమె భయంలో తప్పు వెతకడం కష్టం. కోడలి ముందు ఆ మాట ఆమెతోనే చెప్పించాను. ఇంటి బయట ఎవరికీ మేం చెప్పమని మాటిచ్చాను.

ఆ ఒక్క మాటతో 12 మి.మీ. అర్థం మారిపోయింది. లెక్క కోసం ఇట్లా అనుకుందాం. టీబీ రోగి ఎవరూ లేని ఇళ్ల నుంచి వంద మంది ఆరేళ్ల పిల్లలు. వాళ్లలో నలుగురికి నిజంగా ఇన్ఫెక్షన్ ఉందనుకుంటే, మిగతా 96 మందిలో 8.5 శాతం, అంటే ఎనిమిది మంది బీసీజీ వల్ల పాజిటివ్ అవుతారు. మొత్తం పన్నెండు పాజిటివ్‌లలో నిజమైనవి నాలుగే. ఇప్పుడు దగ్గే రోగి పక్కన నెలల తరబడి పడుకున్న వంద మంది పిల్లలను తీసుకోండి. నలభై మందికి ఇన్ఫెక్షన్ సోకిందనుకుంటే, మిగతా అరవైలో బీసీజీ లెక్క అయిదు. మొత్తం 45 పాజిటివ్‌లలో 40 నిజమైనవి. పరీక్ష అదే, టీకా అదే, 12 మి.మీ. కూడా అదే. మారింది ఇల్లు. అందుకే రోగి ఉన్న ఇంట్లోని పిల్లల మాంటూను ‘బీసీజీ’ అని కొట్టేయడం ప్రమాదం. ఆ మాట చెప్పేవాళ్లు మంచి ఉద్దేశంతోనే చెప్తారు, కానీ ఆరేళ్ల పిల్లకు అవసరమైన మందును ఆపేస్తున్నారని వాళ్లకు తెలియదు.

రక్తపరీక్ష

10 టీయూ అనుమానం ఇంకా మిగిలి ఉంది. పైగా కువైట్ నుంచి తండ్రి ఫోన్లో, ‘‘రూఢిగా తెలిసే పరీక్ష ఏదుంటే అది చేయండి సార్, డబ్బు చూడొద్దు’’ అన్నారు. ఇగ్రా రాశాను. రక్తంలోని టీ-కణాలు ఈశాట్-6, సీఎఫ్‌పీ-10కు పలుకుతాయా లేదా అని చూసే పరీక్ష ఇది. దీనికి రెండు వేలు దాటుతుంది, కాబట్టి అందరికీ రాయను.

మాంటూ వేసి మూడు రోజులు దాటాక ఇగ్రాకు రక్తం తీస్తే, మాంటూ మందే టీ-కణాలను రేపి ఫలితాన్ని పెంచే అవకాశం ఉంది. అందుకే మాంటూ చదివిన పూటే రక్తం తీయించాను. నాలుగు ట్యూబుల్లో ఒక్కో మిల్లీలీటరు. ట్యూబు గోడలకు పూసిన ప్రొటీన్లు కలిసేలా పదిసార్లు కుదపాలి, మరీ విసురుగా కాదు. 16 గంటల్లోపు 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. శాంపిల్ పెద్ద ఊళ్లకు పంపే సెంటర్లలో ఈ గడువు దాటిపోతే ఫలితం చెడిపోతుంది. ఇక్కడే ఇంక్యుబేటర్ ఉందా అని ముందే కనుక్కుని పంపించాను.

ఫలితాలు ఇవీ: నిల్ (ఏ ప్రొటీనూ లేని ట్యూబు) 0.08, టీబీ ప్రొటీన్లున్న టీబీ1 1.46, టీబీ2 1.71, మైటోజెన్ (టీ-కణాలు పనిచేస్తున్నాయో లేదో చూసే ట్యూబు) 10కి పైన. నిల్ తీసేస్తే 1.38, 1.63. గీటురాయి 0.35. మైటోజెన్ ట్యూబు బాగా పలికింది కాబట్టి పాప టీ-కణాలు పనిచేస్తున్నాయి, పరీక్ష చెల్లుతుంది. 0.35 చుట్టుపక్కల వచ్చే ఫలితాలు ఇవాళ ఒకలా రేపు ఒకలా ఊగుతాయి. ఇది ఆ ఊగే చోటుకు చాలా పైన ఉంది. ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 బీసీజీలో లేవు కాబట్టి ఈ పాజిటివ్‌ను టీకా మీదకు నెట్టడానికి వీల్లేదు. పాపకు టీబీ క్రిమి సోకింది.

సోకింది అంటే జబ్బు చేసిందని కాదు. మాంటూ అయినా, ఇగ్రా అయినా, సై-టీబీ అయినా, నిద్రలో ఉన్న ఇన్ఫెక్షన్‌కూ జబ్బుకూ తేడా చెప్పలేవు. జబ్బును పట్టుకోవాల్సింది లక్షణాలు, బరువు, ఎక్స్‌రే, కఫంలోగానీ పొట్టలోంచి తీసిన ద్రవంలోగానీ చేసే నాట్ పరీక్ష (ట్రూనాట్ లాంటిది). పాప ఎక్స్‌రే ముందు నుంచీ పక్క నుంచీ రెండూ తీయించాను, పక్క ఫిల్ములో ఊపిరితిత్తుల మూలం దగ్గరి గ్రంథులు బాగా కనిపిస్తాయి. రెండూ శుభ్రంగా ఉన్నాయి. దగ్గు ఆ వారంలోనే తగ్గిపోయింది, అది మామూలు వైరల్ దగ్గు. అందుకని పొట్టలోకి గొట్టం వేసి ద్రవం తీయాల్సిన అవసరం కనిపించలేదు. ఊళ్లో మొదలుపెట్టబోయిన నాలుగు మందుల ఆరు నెలల కోర్సు కూడా అవసరం లేదు.

కావాల్సింది ముందుజాగ్రత్త చికిత్స. 3హెచ్‌పీ ఎంచుకున్నాం: వారానికి ఒక్కసారి ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్, మొత్తం పన్నెండు వారాలు. 17 కిలోలకు ఐసోనియాజిడ్ 500, రిఫాపెంటిన్ 450 మి.గ్రా. చిన్న నోటికి అన్ని మాత్రలు కష్టం. అరటిపండు గుజ్జులో పొడిచేసి కలిపి, ఆదివారం పొద్దున ఆశా కార్యకర్త ఎదుట ఇచ్చేవాళ్లు. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పాం, లేకపోతే మొదటి ఆదివారమే మందు ఆపేసేవాళ్లు.

మిగతా ముగ్గురు

తమ్ముడి వయసు ఏడాది ఎనిమిది నెలలు. వాడికి కూడా మాంటూ చేయించాలా అని తల్లి అడిగింది. వద్దన్నాను. అయిదేళ్లలోపు పిల్లలు రోగి ఇంట్లో ఉంటే, జబ్బు లేదని తేల్చుకున్నాక పరీక్ష లేకుండానే ముందుజాగ్రత్త మందు ఇవ్వాలని జాతీయ కార్యక్రమం చెప్తోంది. దానికి గట్టి కారణమే ఉంది. ఆ వయసులో సోకిన క్రిమి త్వరగా జబ్బుగా మారుతుంది, మెదడుకు పాకే ప్రమాదమూ ఎక్కువ. పరీక్ష ఫలితం మాత్రం ఆ వయసులోనే తక్కువ నమ్మకమైంది. వీడి సంగతే చూడండి. బీసీజీ వేసి రెండేళ్లు కాలేదు కాబట్టి మాంటూ ఊరికే పొంగొచ్చు. రెండు వారాల కిందట ఎంఆర్ రెండో డోసు పడింది, అందులోని సజీవ తట్టు టీకా కొన్ని వారాలపాటు మాంటూను అణచేయొచ్చు. ఒక టీకా పైకి లాగుతోంది, ఇంకొకటి కిందికి లాగుతోంది. ఏ అంకె వచ్చినా దానితో చేసేది ఏమీ లేదు. పరీక్షించి, ఎక్స్‌రే చూసి, రోజూ ఐసోనియాజిడ్, కిలోకు 10 మి.గ్రా., ఆరు నెలలు ఇచ్చాం. 3హెచ్‌పీ రెండేళ్లు నిండినవాళ్లకే.

తల్లికి సై-టీబీ వేశాం. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే ఈ పరీక్ష చూడటానికి మాంటూలాగే ఉంటుంది, 0.1 మి.లీ. చర్మం పొరలోకి, 48 నుంచి 72 గంటలకు చదవాలి. లోపలి మందు మాత్రం పీపీడీ కాదు, ఆర్‌డీ-1 ప్రొటీన్లు. గీటురాయి 5 మి.మీ. మన దగ్గర పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకే అనుమతి ఉంది, అందుకే పాపకు వాడలేదు. తల్లికి 11 మి.మీ. వచ్చింది. ఎక్స్‌రే బాగుంది. ఆమెకూ 3హెచ్‌పీ.

ఇక అవ్వ. నిజానికి ఈ ఇంట్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆమె కేసే. వయసు అరవై మూడు, ఎనిమిదేళ్లుగా షుగరు. ‘‘అందరికీ చేస్తుండారు గదా’’ అని తనంతట తనే ల్యాబుకు వెళ్లి మాంటూ చేయించుకొచ్చింది. మా క్లినిక్‌లో చదివితే 18 మి.మీ. అదే హాల్లో పడుకున్న మనిషి, షుగరు ఉంది, 18 పొంగింది. చూడగానే మందు ఇచ్చేయాలనిపిస్తుంది.

పాత కాగితాల సంచి తిరగేస్తుంటే అందులో ఒక టీకా చీటీ కనిపించింది. ఎనిమిది నెలల కిందట ఊళ్లో ఆమెకు పెద్దల బీసీజీ వేశారు. 2024లో దేశంలో కొన్ని రాష్ట్రాల్లో, ఎంపిక చేసిన జిల్లాల్లో ఈ కార్యక్రమం మొదలైంది. అరవై దాటినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, పొగతాగేవాళ్లు, బాగా సన్నబడినవాళ్లు, అయిదేళ్లలో టీబీ వచ్చి తగ్గినవాళ్లు, మూడేళ్లలో రోగి ఇంట్లో ఉన్నవాళ్లు దీనికి అర్హులు. ఆ రోజు తనకు ఏ సూది వేశారో అవ్వకు తెలియదు, ‘‘షుగరోళ్లకేసే సూది’’ అనుకుంది.

పెద్దయ్యాక వేసిన బీసీజీ, అదీ ఏడాది తిరక్కముందే. ఇక్కడ మాంటూ చెప్పేది దాదాపు శూన్యం. సై-టీబీ వేశాం: 0. అదొక్కటీ చాలదనిపించింది, ఎందుకంటే వయసు, షుగరు రెండూ టీ-కణాల స్పందనను మందగింపజేస్తాయి. ఇగ్రా కూడా చేయించాం: నిల్ 0.05, టీబీ1 0.09, టీబీ2 0.11, మైటోజెన్ 10కి పైన. మైటోజెన్ అంత బాగా పలికిందంటే టీ-కణాలు మొద్దుబారలేదు. కొడుకు చికిత్స మొదలై పదకొండు వారాలు దాటింది, అంటే సోకినా పరీక్షలో కనిపించని మొదటి ఎనిమిది పది వారాల గడువు కూడా గడిచిపోయింది. ఆ 18 మి.మీ. బీసీజీదే అని తేల్చాను.

ఇలాంటి చోట మందు ఇచ్చేసే వైద్యులూ ఉన్నారు, వాళ్ల వాదనలోనూ పస ఉంది. నేను ఇవ్వలేదు. ఈ వయసులో ఐసోనియాజిడ్ కాలేయాన్ని దెబ్బతీసే ప్రమాదం ఎక్కువ. రిఫాపెంటిన్ ఇస్తే ఆమె వాడుతున్న గ్లిమిపిరైడ్ బలం తగ్గి షుగరు ఎగబాకుతుంది. లేని ఇన్ఫెక్షన్ కోసం ఆ రెండు బరువులు ఆమె మీద పెట్టడం నాకు సరిగా తోచలేదు. బదులుగా ప్రతి మూడు నెలలకు లక్షణాలు అడగడం, ఆరు నెలలకు ఎక్స్‌రే అని రాసుకున్నాం.

పెద్దల బీసీజీ వేసిన జిల్లాల్లో పనిచేసే తోటి వైద్యులకు నా మనవి ఒక్కటే. అరవై దాటిన మనిషి మాంటూ చదివేముందు ఈ రెండేళ్లలో భుజానికి సూది ఏమైనా వేశారా అని అడగండి. ‘బీసీజీ’ అన్న పేరు వాళ్లు చెప్పలేకపోవచ్చు, చీటీ అడగండి. వీలైనచోట మాంటూ మానేసి నేరుగా సై-టీబీ వేయండి.

అమెరికా వెళ్లే పిల్లలు

ఈ కేసు గురించి మాట్లాడుతున్నప్పుడు మరో ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. ఎంఎస్‌కు వెళ్లిన పిల్లలకు అక్కడి యూనివర్సిటీ క్లినిక్‌లో చర్మపరీక్ష చేస్తే 15 లేదా 16 మి.మీ. వస్తుంది. ఇంటికి ఫోన్ చేస్తారు, ఇంట్లోవాళ్లు ‘మనకు బీసీజీ వేస్తారని చెప్పు’ అంటారు. ఇరవై రెండేళ్ల వయసులో, పుట్టినప్పుడు వేసిన ఒక్క బీసీజీ మీద ఆ పొంగును నెట్టడం కుదరదు. పదేళ్లు దాటాక ఆ లెక్క 1 శాతం. మన దేశంలో 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ సర్వేలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో ఇంచుమించు 31 శాతం మందికి ఇన్ఫెక్షన్ ఉన్నట్టు తేలింది, అదీ బీసీజీకి పలకని ఇగ్రాతో చేసిన సర్వే. అక్కడి వైద్యులు బీసీజీ వేయించుకున్నవాళ్లకు ఇగ్రానే మేలంటారు. అది అడగండి. నెగెటివ్ వస్తే మంచిదే. పాజిటివ్ వస్తే ఎక్స్‌రే తీయించుకుని, వాళ్లు చెప్పే మూడు నాలుగు నెలల మందు వేసుకోండి. చదువు ఆగదు, వీసా పోదు.

తరవాత

పాప పన్నెండు డోసులూ పూర్తిచేసింది. నాలుగో డోసు రోజు ఒకసారి వాంతి అయింది, అంతకుమించి ఇబ్బంది లేదు. బరువు 18.4 కిలోలకు పెరిగింది. తమ్ముడి ఆరు నెలలూ అయ్యాయి. చిన్నాయన కఫం నెగెటివ్ వచ్చి చికిత్స ముగిసింది. అవ్వ ఆరు నెలల ఎక్స్‌రే శుభ్రంగా ఉంది.

మందులు అయిపోయిన వారం తండ్రి కువైట్ నుంచి వాట్సాప్‌లో అడిగారు, తగ్గిందో లేదో తెలుసుకోవడానికి పాపకు ఇగ్రా మళ్లీ చేయించమంటారా అని. వద్దన్నాను. చికిత్స పూర్తయినా ఈ పరీక్షలు పాజిటివ్‌గానే ఉండిపోవచ్చు, వాటితో నయమైందో లేదో చెప్పలేం. పాప కార్డు వెనక పెద్ద అక్షరాలతో ఇలా రాసిచ్చాను: ‘పుట్టిన రెండో రోజు బీసీజీ. ఆరేళ్లకు మాంటూ 12 మి.మీ. (10 టీయూ), ఇగ్రా పాజిటివ్, ఎక్స్‌రే నార్మల్. 3హెచ్‌పీ 12 డోసులు పూర్తి. ఇక మాంటూ, ఇగ్రా, సై-టీబీ చేయవద్దు. రెండు వారాలు దాటిన దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఎక్స్‌రే, కఫం నాట్ చేయాలి.’ కార్డును లామినేషన్ చేయించి, ఫొటో తీసి తండ్రికి పంపమని తల్లికి చెప్పాను. అవ్వ టీకా చీటీకి కూడా అట్లాగే ఫొటో తీయించాను.